చంకల్లో దురద, మంట, ఎరుపు: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే మా ఓపీలో చంకల సమస్యతో వచ్చేవాళ్ళు లేని రోజు ఉండదు. చాలామంది ముందు నోటితో చెప్పరు. సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని ట్యూబులు ఒక్కొక్కటే బల్ల మీద పెడతారు. సగం పిండినవి, తోక దాకా చుట్టేసినవి, మూత పోయినవి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నది ఒకటి, పక్కింటివాళ్ళకు తగ్గిందని ఇచ్చింది ఒకటి, పోయినేడు పిల్లాడికి రాసిస్తే మిగిలింది ఒకటి. అన్నీ పెట్టాక గొంతు తగ్గించి చెబుతారు: "చంకల్లో అండీ. రాసినన్నాళ్ళూ బాగుంటుంది, ఆపితే మళ్ళీ మొదలు."

చర్మవైద్యుడిగా నేను రోజూ వినే మాట ఇది. దీని వెనక ఉన్న అపోహలు ఒక్కటొక్కటిగా చెబుతాను. అన్నింటికీ ఒకటే మూలం: జబ్బు పేరు తెలియకముందే మందు పూసెయ్యడం.

అపోహ: చంకలో దురదంటే చెమట వల్లే, ఎవరికైనా ఒకటే మందు

చంకలో చర్మానికి చర్మం ఆనుకుని ఉంటుంది. గాలి ఆడదు, తడి ఆరదు. ఆ తడిలో రాసుకుని రాసుకుని పైపొర లేచిపోతే ఇళ్ళల్లో "ఒరుసుకుపోయింది" అంటాం. ఒట్టి ఒరుపు అయితే పొడిగా ఉంచుకుంటే కొద్ది రోజుల్లో దానంతటదే మానుతుంది. చిక్కేమిటంటే, అలా దెబ్బతిన్న చర్మం మీదికి వేరేవి వచ్చి చేరతాయి. పైగా ఒరుపుతో ఏ సంబంధమూ లేని జబ్బులు కూడా అదే చోట అదే ఎరుపుతో కనిపిస్తాయి.

కాండిడా అనే ఫంగస్ చేరితే మధ్యలో నిగనిగలాడే ఎరుపు, దాని అంచు దాటి బయట ఆవగింజంత చిల్లర పొక్కులు ఉంటాయి. ఇది మాటిమాటికీ వస్తుంటే నేను ముందు షుగర్ పరీక్ష రాస్తాను. షుగర్ ఉన్నట్టు ఈ చంక పుణ్యమా అనే బయటపడినవాళ్ళు ఉన్నారు. తామర అయితే అంచు కాస్త ఎత్తుగా, పొలుసులతో, ఉంగరంలా బయటికి పాకుతుంది, మధ్యలో చర్మం మామూలుగా కనిపిస్తుంది. గజ్జి అయితే పడుకున్నాక దురద ఎక్కువ, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటూ ఉంటారు. దానికి ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు రాసుకోకపోతే తిరిగి వస్తుంది. మడతల్లో వచ్చే సోరియాసిస్‌కు మనకు తెలిసిన వెండిపొలుసులు ఉండవు, నున్నగా ఎర్రగా ఉంటుంది. ఒక పక్కనే, ముట్టుకుంటే భగ్గుమనే నొప్పితో నీటిపొక్కులు వరసగా లేస్తే అది సర్పి. దాని మందు మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది కాబట్టి పసర్లతో, మంత్రాలతో ఆ మూడు రోజులూ పోగొట్టుకోవద్దు.

ఎరిత్రాస్మా అని ఇంకొకటుంది. బ్యాక్టీరియా వల్ల వస్తుంది. లేత ఇటుక రంగు మచ్చ, పెద్దగా దురద ఉండదు. తామర అనుకుని నెలల తరబడి ఫంగస్ మందు రాసుకుంటారు. దీన్ని పట్టుకోవడానికి గదిలో లైట్లు ఆపేసి, వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం చంక మీదికి పడతాం. ఆ చీకట్లో మచ్చంతా పగడంలా ఎర్రగా వెలుగుతుంది. ఆ బ్యాక్టీరియా తయారుచేసే పార్ఫిరిన్ అనే పదార్థం వల్ల వచ్చే వెలుగు అది. దానికి పూత మందుగా యాంటీబయాటిక్ చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: మందుల షాపులో ఇచ్చే ట్యూబు రాస్తే రెండ్రోజుల్లో తగ్గింది, అంటే అదే సరైన మందు

ఈ ఒక్కదాని గురించి ఎంత రాసినా నాకు తక్కువే అనిపిస్తుంది. ఆ ట్యూబులో సాధారణంగా మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి: ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, క్లోబెటసాల్ లేదా బెటామెథసోన్ లాంటి ఒక గట్టి స్టెరాయిడ్. రెండ్రోజుల్లో తగ్గించింది ఆ స్టెరాయిడే. ఫంగస్ మీద మన ఒంటి రక్షణ వ్యవస్థ చేసే పోరాటమే ఆ ఎరుపు, ఆ దురద. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దురద పోతుంది, ఫంగస్ మాత్రం అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. ట్యూబు ఆపిన నాలుగో రోజుకు అంతకు రెండింతలు మచ్చ కనబడుతుంది. మళ్ళీ అదే ట్యూబు. ఇలా ఏడాదిపాటు రాసుకున్నవాళ్ళ తామరకు ఉంగరం ఆకారం కూడా చెరిగిపోతుంది. చూడగానే తామరని నేనూ చెప్పలేను.

అలాంటప్పుడు చేసే పరీక్ష చాలా చిన్నది. మొద్దుబారిన బ్లేడు అంచుతో మచ్చ చివర మెల్లగా గీరితే గాజు పలక మీద నూకల పొడిలా నాలుగు పొలుసులు రాలతాయి. నొప్పి ఉండదు. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, చర్మకణాలు కరిగేదాకా కాసేపు ఆగి మైక్రోస్కోపులో చూస్తాం. ఫంగస్ ఉంటే గాజు దారాల్లా కొమ్మలు కొమ్మలుగా పోగులు కనిపిస్తాయి. ఒకావిడను పిలిచి ఆ అద్దంలోంచి చూపించాను. ఏడు నెలలుగా స్టెరాయిడ్ ట్యూబు వాడుతున్న మనిషి. కాసేపు కన్ను తియ్యలేదు. "ఇన్నాళ్ళూ వీటికేనా అండీ నేను మేత వేసింది?" అంది.

చంక చర్మం పల్చన, ఎప్పుడూ మూసి ఉంటుంది. అందుకే ముంజేతి మీద రాసిన స్టెరాయిడ్ ఎంత లోపలికి ఇంకుతుందో, చంకలో దానికి మూడున్నర రెట్లు ఇంకుతుంది. ఫలితంగా చర్మం ఇంకా పల్చబడుతుంది, రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, గర్భిణుల పొట్ట మీద పడే చారల్లాంటివి చంకలో పడతాయి. ఆ చారలు కాలం గడిస్తే రంగు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. పదిహేడేళ్ళ అమ్మాయిల చంకల్లో వాటిని చూసినప్పుడు నాకు బాధేస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూత మందులు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అవి అమ్మకూడదు. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి.

దేశంలో తామర ఇప్పుడు పాతరోజుల తామర కాదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే తామర ఫంగస్ రకానికి 2020లో పేరు పెట్టారు, ఆ పేరులోనే మన దేశం ఉంది. టెర్బినఫిన్ అనే మామూలు మందుకు ఇది చాలామందిలో లొంగడం లేదు. కాబట్టి ఇప్పుడు తామర వైద్యం వారాల పని. పూత మందు మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి. మచ్చ కనబడటం మానేశాక కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి. మాత్రలు అవసరమా, ఎన్ని వారాలు అన్నది మీరు వాడే ఇతర మందులు చూసి డాక్టరే చెప్పాలి. దురద పోగానే ఆపడం వల్లే సగం మందికి తిరగబెడుతుందని నా అనుభవం.

స్టెరాయిడే చెడ్డదని నేననడం లేదు. డియోడరెంటు పడక వచ్చిన దద్దుకు తక్కువ శక్తి హైడ్రోకార్టిసోన్ అయిదారు రోజులు నేనే రాసిస్తాను. కాకపోతే ఫంగస్ లేదని తేల్చుకున్నాక.

అపోహ: డియోడరెంటు మానేసినా తగ్గలేదంటే అలర్జీ కాదు

ఇక్కడ చెయ్యెత్తి జాగ్రత్తగా చూడాలి. దద్దు చంక గుంట నడిమధ్యలో ఉందా, లేక గుంటను వదిలేసి ముందు మడత, వెనక మడతల మీద ఉందా? స్ప్రే, రోలాన్, పౌడరు లాంటివి గుంటలో పడతాయి కాబట్టి వాటివల్ల వచ్చే దద్దు గుంటలోనే ఉంటుంది. బట్ట గుంటకు తగలదు, అంచుల్ని ఒరుస్తుంది. అందుకే బట్టకు వేసిన రంగు పడకపోతే గుంట తెల్లగా మిగిలి, చుట్టూ మడతలు ఎర్రబడి గరుకు తేలతాయి.

ఒక టీచరమ్మ మూడు నెలలుగా డియోడరెంటు మానేసినా తగ్గలేదని వచ్చారు. గుంట శుభ్రంగా ఉంది, మడతలు మాత్రం నల్లబడి చిట్లి ఉన్నాయి. "ఏ జాకెట్టు వేసుకున్న రోజు ఎక్కువ ఉంటుందమ్మా?" అంటే ఆలోచించి, ముదురు నీలం పట్టుచీర మీది జాకెట్టు అన్నారు. మర్నాడు తెప్పించి తిరగేసి చూస్తే లోపలి లైనింగు పాలియెస్టరు, చంక దగ్గర చెమటకు రంగు దిగి నీలం మరక కట్టి ఉంది. పాలియెస్టరుకు వాడే కొన్ని ముదురు నీలం రంగులు అలర్జీకి పేరుపడ్డవి. వీపు మీద అనుమానమున్న పదార్థాలు పెట్టిన ప్యాచ్ టెస్టు పట్టీలు వేసి 48 గంటలకు తీసి చూశాం, మళ్ళీ 96 గంటలకు చూశాం. రంగు దగ్గరే గట్టిగా పొంగింది. ఇప్పుడావిడ తెల్ల నూలు లైనింగు రెండుసార్లు ఉతికాకే కుట్టడానికి ఇస్తున్నారు. చంకల దగ్గర ఒక అరంగుళం వదులు పెట్టమని దర్జీకి చెబుతున్నారు.

డియోడరెంట్లలో ఎక్కువగా పడనివి సువాసన కోసం కలిపేవి. "నేచురల్", "హెర్బల్" అని రాసి ఉన్నా వాసన ఉందంటే ఆ పదార్థాలు ఉన్నట్టే. డియోడరెంటు వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందా అని కూడా అడుగుతారు. అలా వస్తుందని ఏ పరిశోధనా రుజువు చెయ్యలేదు.

అపోహ: మురికి వల్ల వచ్చింది, గట్టిగా రుద్ది కడిగితే పోతుంది

పీచుతో, రాయితో రుద్ది, యాంటీసెప్టిక్ మందును నీళ్ళు కలపకుండానే పోసుకుని పొట్టు ఊడిపోయిన చంకలతో వస్తారు. నిమ్మచెక్కతో రుద్దేవాళ్ళు, వంటసోడా పూసేవాళ్ళు ఇంకొందరు. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిపాటి ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 5. నిమ్మరసం 2 దగ్గర, వంటసోడా 8 పైన. ఒకటి కాలుస్తుంది, ఇంకొకటి రక్షణపొరను తీసేస్తుంది. ఒరిసిన చంకకు కావాల్సింది గోరువెచ్చని నీళ్ళు, సువాసన లేని మెత్తటి సబ్బు, అంతే.

వేపాకు, పసుపు గురించి పెద్దవాళ్ళు అడిగినప్పుడు నేను కొట్టిపారెయ్యను. రెండింటికీ సూక్ష్మజీవుల్ని అణిచే గుణం ప్రయోగశాలల్లో కనబడింది. కానీ చంకలో మీరు పూసేది తడి ముద్ద. ఆ ముద్ద మడతలో గంటల తరబడి నాని, ఆరాలని మనం చూస్తున్న చోటునే ఇంకా తడి చేస్తుంది. కొబ్బరినూనెదీ అదే సంగతి. పొడిబారిన కాళ్ళకు మంచిది, తడిసిన చంకకు కాదు. పౌడరు కూడా చెమటతో కలిసి ఉండలు కట్టి ఇసుకలా ఒరుస్తుంది. చంటిపిల్లలకైతే అసలు వద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అపోహ: వేడి చేసి చంకలో సెగ్గడ్డలు లేస్తున్నాయి

ఒకసారి ఒక గడ్డ లేచి చితికి మానిపోతే అది మామూలు సెగ్గడ్డే కావచ్చు. అదే చోట ఆరు నెలల్లో రెండోసారి, మూడోసారి లేస్తే మామిడిపళ్ళ మీద, కోడికూర మీద నెపం వెయ్యకండి. హైడ్రాడినైటిస్ సపురటైవా అనే జబ్బు ఉంది. వెంట్రుక మూలం మూసుకుపోయి లోపలే పగిలి, చర్మం కింద సొరంగాల్లా దారులు చేసుకుంటుంది. జంటగా ఉండే నల్లటి చుక్కలు, తాడులా గట్టిపడిన మచ్చలు దీని గుర్తులు. ఇది అంటువ్యాధి కాదు. మురికివల్ల రాదు. పొగతాగేవాళ్ళలో, బరువు ఎక్కువున్నవాళ్ళలో ఎక్కువ.

ఈ జబ్బు పేరు తెలియడానికే ప్రపంచమంతటా రోగులకు ఏళ్ళు పడుతోంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి అప్పటికే ఆరుసార్లు కోయించారు. ప్రతిసారీ "స్నానం సరిగ్గా చెయ్యి" అనే చెప్పారట. పెళ్ళిచూపులకు వెళ్ళడం మానేశాడు. క్లిండమైసిన్ లోషన్, డాక్సీసైక్లిన్ మాత్రలు, సిగరెట్ మానడం, వీటితోనే చాలా తేలికపడ్డాడు. ముదిరినవాళ్ళకు అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు, శస్త్రచికిత్స ఉన్నాయి. ఎంత తొందరగా వస్తే అంత తక్కువ మచ్చలు మిగులుతాయి.

అపోహ: వంకాయ, గోంగూర, చేప తింటే దురద పెరుగుతుంది

తామరకు, ఒరుపుకు, గజ్జికి పథ్యం లేదు. ఏదైనా తిన్నప్పుడల్లా ఒంటినిండా దద్దుర్లు వస్తుంటే అది వేరే సంగతి, అది చెప్పండి.

అపోహ: చంకలు నల్లబడితే క్రీములు రాయాలి

నలుపుతో పాటు చర్మం ముఖమల్ గుడ్డలా మందంగా ఉండి, మెడ వెనక కూడా అలాగే ఉంటే క్రీము కొనేముందు బరువు, షుగర్ చూపించుకోండి. ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యడం లేదనడానికి అది గుర్తు. రుద్దేకొద్దీ ఇంకా మందం అవుతుంది.

ఈ రాత్రికి ఉపశమనం ఎలా?

మంటగా ఉంటే పల్చటి నూలుగుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి పిండి పది నిమిషాలు ఉంచండి. తర్వాత అద్ది తుడిచి, చెయ్యెత్తి ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. ఈ ఆరడమే ముఖ్యం. ఒట్టి ఒరుపైతే జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా రాయొచ్చు. తగ్గేదాకా షేవింగ్, వ్యాక్సింగ్, పటిక, స్ప్రే ఏవీ వద్దు. వదులైన నూలు బట్టలు, చెమట పడితే వెంటనే మార్చడం. తువ్వాలు ఎవరిది వాళ్ళకే. బట్టలు తిరగేసి ఎండలో ఆరెయ్యండి.

జ్వరం, చీము, వేగంగా పాకే ఎరుపు, ఒక పక్కనే నొప్పితో లేచే నీటిపొక్కులు ఉన్నా, షుగర్ ఉన్నా, చంటిబిడ్డకు వచ్చినా ఆగకుండా రండి. చంకలో నొప్పిలేని బిళ్ళ రెండు వారాలు దాటినా కరగకపోతే దాన్ని దద్దుతో కలిపి చూడకుండా వేరుగా చూపించాలి. మిగతావాళ్ళు రెండు వారాలు పై జాగ్రత్తలు పాటించినా తగ్గకపోతే రండి.

మా దగ్గరికి వచ్చే రోజు చంకలు సబ్బుతో కడుక్కోకండి, పౌడరు, క్రీము ఏదీ పూయకండి. కడిగితే వుడ్స్ ల్యాంపులో ఆ పగడపు వెలుగు కనబడదు, క్రీము రాస్తే గీరడానికి పొలుసు దొరకదు. చెమట వాసనకు సిగ్గుపడకండి, మాకది అలవాటే. ఆ ప్లాస్టిక్ కవరు మాత్రం మరిచిపోకుండా తీసుకురండి, మూత పోయిన ట్యూబులతో సహా.