తలుపు తాళమా, పేరు తేడానా?

చిట్టికీ, దాని భుజం మీంచి తొంగిచూస్తూ ఈ ఉత్తరం చదివే బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

"పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌ని నాలుగుసార్లు తీసేసి మళ్లీ వేశాను తాతయ్యా. ఒకసారి కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటుంది, ఒకసారి పాస్‌వర్డ్ తప్పంటుంది. నా లాప్‌టాప్ పాడైందా?" అని నిన్న ఫోన్లో అడిగావు కదా.

మా చిన్నప్పుడు నాన్నగారు నన్ను అడంగల్ నకలు తెమ్మని కరణంగారింటికి పంపేవారు. (1984లో కరణాల ఉద్యోగాలు పోయాయిలే, ఇది అంతకు చాలా ముందు మాట.) మొదటిరోజు వెళ్తే తాళం. ఎంత అరిచినా పలికే నాథుడు లేడు. నీ 'రిఫ్యూజ్డ్' అదే: సర్వర్ ఇంకా లేవలేదు, లేదా నువ్వు వేరే గుమ్మం తడుతున్నావు. విండోస్‌లో సర్వీసెస్ తెరిచి 'రన్నింగ్' అని ఉందేమో చూడు. పోస్ట్‌గ్రెస్ గుమ్మం, అంటే పోర్టు నంబరు, మామూలుగా 5432. అక్కడ పాతదొకటి కాపురముంటే కొత్తది 5433లో దిగి ఉండొచ్చు.

రెండోరోజు ఆయన అరుగు మీదే ఉన్నారు. పొడుం పీల్చి, కళ్లజోడు పైనుంచి చూసి, "ఎవర్రా?" అన్నారు. భయంతో నా పేరు చెప్పేశాను. "ఆ పేరున పట్టా లేదు, పో!" ఏడ్చుకుంటూ ఇంటికొస్తే నాన్నగారు నవ్వారు. "మనిషి దొరికాడుగా, రేపు నా పేరు చెప్పు" అన్నారు. పాస్‌వర్డ్ తప్పన్నా సంతోషించమ్మా, లోపల ఎవరో ఉన్నారు.

నువ్వూ నాలాగే చేసుంటావు. పేరు చెప్పకపోతే, సర్వర్‌తో నీ తరఫున మాట్లాడే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రామ్ నీ విండోస్ లాగిన్ పేరే చెప్పేస్తుంది. కొత్త సర్వర్ ఎరిగిన మనిషి 'పోస్ట్‌గ్రెస్' ఒక్కడే. పీఎస్‌క్యూఎల్ పక్కన మైనస్ పెద్ద యు పెట్టి (-U postgres) ఆ పేరు చెప్పు. పాస్‌వర్డ్ మాత్రం మొదటిసారి పెట్టినదే ఇచ్చి చూడు. సర్వర్ తీసేసినా డేటా ఫోల్డర్ పోదు మరి. కరణంగారింటికి ఎన్నిసార్లు సున్నం వేసినా దస్త్రాల భోషాణం కదిలేది కాదు. (కరణంగారిని ఇక వదలమంటోంది మీ అమ్మమ్మ.)

ఇంకొక్కటే. ఆయన మొహాన చెప్పని సంగతులు పుస్తకంలో రాసుకునేవారు. సర్వరూ అంతే! లేని పేరుతో వెళ్తే నీతో పాస్‌వర్డ్ తప్పనే అంటుంది, తన లాగ్‌లో మాత్రం ఆ పేరే లేదని రాసుకుంటుంది. డేటా ఫోల్డర్లో 'లాగ్' అనే ఫోల్డర్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో చివరి ఫైలు తెరువు. రాత్రి పాస్‌వర్డ్ తప్పన్నప్పుడల్లా నువ్వు ఏ పేరుతో, ఏ నిమిషాన తలుపు కొట్టావో అందులో ఉంటుంది. చివరి పది లైన్లు బుజ్జిగాడి చేత పైకి చదివించి, నాకు ఫోన్ చెయ్యి.

మీ తాతయ్య