క్రోషా కానుకలు: అపోహలు - వాస్తవాలు

బారసాలకు టోపీ, గృహప్రవేశానికి తోరణం, పెళ్ళికూతురి పట్టుచీరకు కుచ్చులు. నేను చేసేది క్రోషా, అంటే కొక్కెం ఉన్న సూదితో దారం అల్లే పని. నా దగ్గరికి వచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం ఇలా ఎవరికో ఇవ్వడానికే. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు కూడా మొదట ఇవే అడుగుతారు. అందరూ ఫోన్‌లో డిజైన్ చూపిస్తారు. దారం ఏది, వాడేది ఎవరు, ఉతికేది ఎలా అన్న మాట ఒక్కరూ ఎత్తరు. ఆ కానుక నాలుగు కాలాలు నిలుస్తుందా, నాలుగు ఉతుకుల్లో పోతుందా అన్నది తేలేది మాత్రం అక్కడే.

అపోహ: పసిపిల్లలకు అల్లాలంటే ఊలే మంచిది

మన బజారులో "ఊలు" అని అమ్మే ఉండల్లో చాలావాటికి గొర్రెతో సంబంధమే లేదు. అవి యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్ జాతి దారం. రంగులు బాగుంటాయి, ధర తక్కువ, పురుగు కొట్టదు. కానీ చెమట పీల్చదు. మే నెలలో భీమవరంలో పుట్టిన బిడ్డ నెత్తిన అది పెడితే బిడ్డ ఏడవక ఏం చేస్తుంది? మన ఎండలకు మెత్తటి కాటనే సరి. మిల్క్ కాటన్ అనే పేరు చూసి పాలతో చేశారని మురిసిపోకండి. అది చాలావరకు కాటన్, యాక్రిలిక్ కలిపిన దారమే. ఉండ మీద చీటీ చదివి కొనండి.

అదే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవరాలికి పంపేటప్పుడు లెక్క మారుతుంది. అక్కడ ఇంట్లో అన్నీ మెషీన్‌లో ఉతికి డ్రయ్యర్‌లో వేస్తారు. అసలైన గొర్రె ఊలు ఆ వేడికి, ఆ కుదుపుకు ముడుచుకుపోయి అట్టలా తయారవుతుంది. అక్కడికి మెషీన్‌లో ఉతకవచ్చని చీటీ మీద రాసి ఉన్న దారమే వాడాలి. అమ్మమ్మ కళ్ళు పోగొట్టుకుని అల్లిన స్వెటర్ మొదటి ఉతుకుకే బొమ్మ స్వెటర్ అయిందని కూతురు ఫోన్ చేసి చెప్పలేక చెబుతుంటుంది. పాపం, తప్పు ఆ పిల్లది కాదు.

అపోహ: చేత్తో అల్లిన బొమ్మ కాబట్టి పిల్లలకు ప్రమాదం లేదు

బొమ్మలకు పెట్టే నల్ల ప్లాస్టిక్ కళ్ళను "సేఫ్టీ ఐస్" అని అమ్ముతారు. పేరు చూసి మోసపోకూడదు. వెనక బిళ్ళ ఎంత గట్టిగా బిగించినా, అల్లిక సాగినప్పుడు కుట్ల సందులోంచి కన్ను మొత్తం ఊడి రావచ్చు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మకు గుండీలు, పూసలు, ప్లాస్టిక్ కళ్ళు ఏవీ వద్దు. నల్ల దారంతో కళ్ళు కుట్టేయండి. చూడటానికీ బాగుంటాయి.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. చలి గ్లౌజులు, సాక్సుల లోపలివైపు వదిలేసిన దారం చివర్లు. పసివాళ్ళ వేలికి సన్నదారం చుట్టుకుంటే రక్తం ఆడదు, వేలు వాచిపోతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తుందో పెద్దవాళ్ళకు తెలియదు. అందుకే పసిబిడ్డ సాక్సు అల్లాక దాన్ని తిరగేసి, వేలు లోపలికి పెట్టి అంతా తడిమి చూడాలి. గోటికి ఏది తగిలినా కత్తిరించడం కాదు, సూదితో లోపలికి కుట్టేయాలి. పెద్ద పెద్ద చిల్లులున్న లేసు డిజైన్లు కూడా ఈ వయసుకు పనికిరావు. ఆ చిల్లుల్లో కాలివేళ్ళు ఇరుక్కుంటాయి.

బేబీ దుప్పటి అడిగేవాళ్ళకు నేను ముందే చెబుతాను: ఏడాదిలోపు బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు పక్కలో వదులు దుప్పట్లు, బొమ్మలు ఉంచవద్దని పిల్లల డాక్టర్లు అంటారు. మెలకువగా ఉన్నప్పుడు కింద పరచి ఆడించడానికి, ఫోటోలకు వాడుకోండి. ఈ మాట చెప్పినందుకు ఆర్డరు వెనక్కి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. పోనివ్వండి.

అపోహ: జ్ఞాపకంగా దాచాలంటే గంజి పెట్టి, కవర్లో చుట్టి, కలరా ఉండలు వేయాలి

ఇందులో ఉన్నవి మూడు పనులు, మూడూ తప్పే. మన ఇళ్ళలో బాగా పాతుకుపోయిన అలవాటు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

గంజి పెడితే లేసు బిర్రుగా నిలబడుతుంది, నిజమే. టేబుల్ మీద వాడినన్నాళ్ళు పెట్టుకోండి. కానీ గంజితోనే బీరువాలో పెడితే పురుగులకు మీరే వడ్డించినట్టు. పాత పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగుకు పిండిపదార్థమంటే మహా ఇష్టం. పైగా గంజి నాళ్ళు గడిచేకొద్దీ పసుపుపచ్చగా మారుతుంది, మడత దగ్గర దారం పెళుసెక్కి తెగుతుంది. దాచే ముందు గంజంతా పోయేలా ఉతికి, బాగా ఆరబెట్టాలి.

ప్లాస్టిక్ కవరు చెమ్మను బయటికి పోనివ్వదు. గోదావరి జిల్లాల గాలిలో ఉండే తేమ సంగతి చెప్పాలా? కవరు విప్పితే బూజు మచ్చలు. ఉతికిన పాత నూలుచీర ముక్కలో చుట్టండి, అంతకన్నా మంచి సంచి లేదు. ఏడాదికి రెండుసార్లు తీసి, మడత వేరే చోట పడేలా మళ్ళీ మడవండి.

ఇక కలరా ఉండలు. అవి చాలావరకు నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టే పిల్లలుంటారు. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్ళలో తెలియను కూడా తెలియదు. నాఫ్తలీన్ ఆవిరి పట్టిన బట్టలు వేస్తే అలాంటి పసిబిడ్డల్లో ఎర్రరక్తకణాలు పగిలిపోయి, రక్తహీనత, ముదురు కామెర్లు రావచ్చు. మన ఇళ్ళలో జరిగేదేమిటి? పెద్దవాడి మొదటి టోపీని కలరా ఉండల మధ్య భద్రంగా దాచి, రెండో బిడ్డ పుట్టగానే సెంటిమెంటుగా అదే తీసి నెత్తిన పెడతారు. పిల్లల బట్టలున్న అరలో కలరా ఉండ అనేదే ఉండకూడదు. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టినా, అప్పుడప్పుడూ తీసి గాలికి ఆరేసినా చాలు.

అపోహ: చివర ముడి వేసి కత్తిరిస్తే పని అయిపోయినట్టే

క్రోషా అంటే ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగడమే. చివరి ఉచ్చు వదిలితే మొదటిదాకా ఊడి వస్తుంది. అందుకని అందరూ అక్కడ గట్టిగా రెండు ముడులు వేసి, దగ్గరగా కత్తిరిస్తారు. మెర్సరైజ్డ్ కాటన్, అంటే మెరుపు వచ్చేలా శుద్ధి చేసిన నూలుదారం, నున్నగా జారుతుంది కాబట్టి నాలుగు ఉతుకుల్లో ఆ ముడి దానంతట అదే విడిపోతుంది.

నేను నేర్పేది ఇది. ఆరు అంగుళాల దారం వదిలి కత్తిరించండి. మొద్దుమొన ఉన్న పెద్ద సూదికి ఎక్కించి, కుట్ల మధ్యలోంచి రెండు అంగుళాలు ఒకవైపు పోనివ్వండి. ఒక పోగు వదిలేసి వెనక్కి తిప్పండి. మూడోసారి ఇంకో దిక్కుకు పోనివ్వండి. తర్వాత ముక్కను రెండు చేతులతో పట్టుకుని సాగదీయండి. దారం కాస్త లోపలికి జారి సర్దుకుంటుంది. కత్తిరించాల్సింది అప్పుడు, సాగదీయకముందు కాదు. టీవీ చూస్తూ చేసే పని కాదిది. చతురస్రాలు కలిపి దుప్పటి చేస్తే ఇలాంటి చివర్లు వందల్లో ఉంటాయి. దుప్పటి ధర అడిగినప్పుడు ఈ పని ఎవరికీ గుర్తురాదు.

అపోహ: ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు దిగదు

తోరణాల విషయంలో రోజూ వినే మాట. నూలుకు రంగు అద్దే సమయంలో ఉప్పు పనికొస్తుంది. అద్దకం అయిపోయిన దారం రంగు వదులుతుంటే ఉప్పు దాన్ని పట్టి ఉంచలేదు, వెనిగరూ అంతే. ఎరుపు, తెలుపు కలిపి అల్లే ముందే ఎర్ర దారం మూరెడు తడిపి, తెల్లగుడ్డలో పెట్టి పిండి చూడండి. మరక పడితే ఆ దారం పక్కన పెట్టేయడమే.

తోరణం కట్టేది గడప పైన కాబట్టి పసుపు అంటడం ఖాయం. పసుపు మరకకు సబ్బు రాయగానే ఎర్రబడుతుంది, అది చూసి హడలిపోతారు. సబ్బులోని క్షారానికి పసుపు అలా మారుతుంది, అంతే. జాడించి, తడిగా ఉండగానే ఎండలో వేయండి. పసుపు రంగు ఎండకు నిలవదు. దారం రంగు కూడా వెలిసిపోకుండా తిరగేసి వేయడం మరచిపోకండి.

ఇస్త్రీ సంగతి ఒక్కమాటలో: కాటన్‌కు చేయవచ్చు, యాక్రిలిక్‌కు వద్దు. వేడి తగిలితే జావకారిపోతుంది, మళ్ళీ ఆ ఒత్తు రాదు.

అపోహ: మెషీన్ మీద చవగ్గా వస్తుంటే చేత్తో ఎందుకు? దారం ఖర్చెంతని?

బజారులో క్రోషాలా కనిపించే మెషీన్ లేసు ఉంది. అది వేరే రకం అల్లిక. వెనక్కి తిప్పి కుట్టు చూస్తే తెలిసిపోతుంది. చేతి క్రోషాను ఉన్నదున్నట్టుగా అల్లే యంత్రాలు ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో లేవు. కాబట్టి ఎక్కడైనా నిజమైన క్రోషా ముక్క వంద రూపాయలకే దొరికిందంటే, ఎవరో ఒక మనిషి కూలి అందులో ఎగిరిపోయిందని అర్థం.

మా జిల్లాకు ఇది కొత్త కథ కాదు. నరసాపురం చుట్టుపక్కల 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ లేసు పని నేర్పారు. ఐర్లాండులో 1840లలో బంగాళాదుంప పంట పోయి కరువు వచ్చినప్పుడు కూడా ఆడవాళ్ళు క్రోషా లేసు అమ్ముకునే ఇల్లు గడుపుకున్నారు. మా దగ్గర అరుగు మీద కూర్చుని ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని అతుకుతారు, ముక్కల లెక్కన కూలి. అల్లేవాళ్ళు ఆడవాళ్ళు, విదేశాలకు ఎగుమతి చేసి లాభపడింది ఎక్కువగా మగ వ్యాపారులు. "ఊసుపోక చేసే పని కదా" అన్న ఒక్క ముక్కతో ఆ కూలిని ఎన్నాళ్ళుగానో తొక్కిపెట్టారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు లేసుకే చెందుతుంది. గుర్తింపు వచ్చినంత మాత్రాన కూలి పెరుగుతుందని నేను అనుకోను. కొనేవాళ్ళు లెక్క వేయడం నేర్చుకోవాలి.

ఆ లెక్క ఇలా వేయండి. ఒక దుప్పటికి 20,000 కుట్లు, చెయ్యి తిరిగిన మనిషి నిమిషానికి 20 కుట్లు అనుకుందాం. 1,000 నిమిషాలు, అంటే దాదాపు 17 గంటలు. అతుకులు, చివర్లు, ఉతుకు వేరే. "అక్కా, దారం డబ్బులిస్తాను, చేసిపెట్టు" అనే చుట్టాలకు నేను ఈ లెక్క కాగితం మీద రాసి ఇస్తాను. ఇష్టమైనవాళ్ళకు ఊరికే చేసిస్తాను, అది వేరే విషయం. ఊరికే ఇవ్వాలో వద్దో చెప్పాల్సింది చేసే మనిషి, అడిగే మనిషి కాదు.

చిన్నా చితకా ఇంకొన్ని

ఎడమచేతివాటం వాళ్ళకు రాదంటారు. వస్తుంది, వరుస ఎదురు దిశలో నడుస్తుంది, అంతే. ఎదురుగా కూర్చుని నేర్చుకుంటే అద్దంలో చూసినట్టే ఉంటుంది.

ఒక్క క్రోషా సూదితో అన్నీ అల్లవచ్చంటారు. సన్న లేసుదారానికి 1 మిల్లీమీటరు దగ్గర్లో ఉండే స్టీలు సూది, మామూలు ఊలుకు 4 మిల్లీమీటర్ల సూది కావాలి. బొమ్మలకు చీటీ మీద చెప్పినదానికన్నా ఒక సైజు చిన్నది తీసుకోండి, లేకపోతే కుట్ల సందుల్లోంచి లోపలి దూది కనబడుతుంది.

ప్యాటర్న్, అంటే ఎలా అల్లాలో చెప్పే కాగితం, ఏ దేశానిదైనా ఒకటేనంటారు. అమెరికావాళ్ళు సింగిల్ క్రోషే అనే కుట్టును బ్రిటన్‌వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. ఇది చూసుకోకుండా మొదలుపెడితే టోపీ కాస్తా బుట్ట అవుతుంది.

కానుక ఇచ్చేటప్పుడు దారం ఏదో, ఎలా ఉతకాలో చిన్న చీటీ మీద రాసి పెట్టండి. అదే రంగు దారం రెండు గజాలు అట్టముక్కకు చుట్టి దానితోపాటే ఇవ్వండి. తర్వాత ఎక్కడైనా తెగితే అతుక్కోవడానికి అదే రంగు మళ్ళీ షాపులో దొరకదు.