ఆరు కోర్లను రెండు కోర్లు దాటిన కథ: ఎఫ్‌ఎక్స్-6300, పెంటియం జి4560

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత మదర్‌బోర్డులు, ప్రాసెసర్లు వెతుక్కునేవారికి ఈ రెండు పేర్లు కొత్త కాదు. ఒకటి ఏఎండీ ఎఫ్‌ఎక్స్-6300, ఆరు కోర్లు, అంటే లెక్కలు చేసే ఆరు భాగాలు. రెండోది ఇంటెల్ పెంటియం జి4560, రెండే కోర్లు. చదువుకునే పిల్లల కోసం తక్కువలో ఒక కంప్యూటర్ కూర్చుకోవాలనుకునే తల్లిదండ్రులకు సహజంగానే ఆరు పెద్దగా కనిపిస్తుంది. తీరా ఇంటికి తెచ్చి బ్రౌజర్, ఆఫీసు ఫైళ్లు, ఒక మోస్తరు ఆట నడిపి చూస్తే రెండు కోర్లదే చురుకుగా ఉంటుంది. అలాగని ప్రతి పనిలోనూ దానిదే పైచేయి కాదు. ఈ తికమక ఎక్కడ మొదలైందో తెలియాలంటే 2011కు వెళ్లాలి.

ఆ ఏడాది అక్టోబరులో ఏఎండీ బుల్డోజర్ అనే సరికొత్త నిర్మాణాన్ని విడుదల చేసింది. మున్ముందు సాఫ్ట్‌వేర్లు పనిని అనేక థ్రెడ్లుగా, అంటే ఏకకాలంలో సాగే పాయలుగా, విడగొట్టుకుంటాయని, కాబట్టి ఒక్కో కోర్ బలం కొంత తగ్గినా కోర్ల సంఖ్య పెరిగితే చాలని దాని వెనకున్న ఆలోచన. అందుకోసం రెండేసి కోర్లను కలిపి మాడ్యూల్ అనే జంటగా చేశారు. పూర్ణాంకాల లెక్కలు చేసే భాగం ఆ రెండింటికీ వేరువేరుగానే ఉంది. దశాంశ లెక్కలు చేసే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్, రెండు మెగాబైట్ల ఎల్2 క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ), ఆదేశాలను విప్పి చదివే డీకోడర్ మాత్రం ఉమ్మడి. ఏడాది తర్వాత, 2012 అక్టోబరులో, దీన్నే సవరించిన పైల్‌డ్రైవర్ నిర్మాణంతో ఎఫ్‌ఎక్స్-6300 వచ్చింది. మూడు మాడ్యూళ్లు, 3.5 గిగాహెర్ట్జ్ వేగం, టర్బోలో (అవసరమైనప్పుడు తాత్కాలికంగా పెరిగే వేగం) 4.1, 95 వాట్లు, ధర 132 డాలర్లు. పెట్టె మీద ఆరు కోర్లని రాశారు. దశాంశ లెక్కల దగ్గరికి వస్తే లోపలున్న యూనిట్లు మూడే.

వాటిని కోర్లని పిలవవచ్చా అనే వివాదం కోర్టుకూ ఎక్కింది. ఎనిమిది కోర్ల ఎఫ్‌ఎక్స్ చిప్‌లపై 2015లో కాలిఫోర్నియాలో వేసిన దావాను 2019లో 1.21 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుని ఏఎండీ పరిష్కరించుకుంది. కొనుగోలుదారుకు అసలు నష్టం పేరులో లేదు. ఒక్కో కోర్ ఒక్క గడియార చక్రంలో పూర్తి చేయగలిగే పని తక్కువ. ఆనాటి ఆటలు, ఇంటి సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఒకటి రెండు థ్రెడ్ల మీదే భారమంతా వేసేవి. బుల్డోజర్ ఊహించిన భవిష్యత్తు రావడానికి చాలా ఏళ్లు పట్టింది, ఆలోగా ఏఎండీ చితికిపోయింది. 2015లో ఆ కంపెనీ షేరు రెండు డాలర్ల కిందికి పడింది.

పోటీదారు ఇలా కుంటుపడితే ఎదుటివాడికి తొందరేముంటుంది? 2010 జనవరిలో వచ్చిన తొలి డెస్క్‌టాప్ కోర్ ఐ3లో రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు ఉన్నాయి. 2017 జనవరిలో వచ్చిన ఐ3లోనూ అంతే. దాని కింద పెంటియంకు రెండు కోర్లు, రెండు థ్రెడ్లు. ఐ3కీ పెంటియంకూ నడుమ ఇంటెల్ కట్టిన ప్రధాన గోడ హైపర్‌థ్రెడింగ్. ఒక కోర్ మెమరీ నుంచి డేటా కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నప్పుడు అందులోకి రెండో థ్రెడ్ పనిని పంపే పద్ధతి ఇది. 2002లోనే 3.06 గిగాహెర్ట్జ్ పెంటియం 4లో ఉన్న ఈ సౌకర్యాన్ని ఇన్నేళ్లపాటు చౌక డెస్క్‌టాప్ చిప్‌లకు అందకుండా ఉంచారంటే అది సాంకేతిక ఇబ్బంది వల్ల కాదు, వ్యాపార నిర్ణయం. తక్కువ డబ్బున్నవాడి పట్ల ఇది అన్యాయమని నా అభిప్రాయం.

ఆ గోడ ఎంత ఎత్తుదో 2014లో తేలిపోయింది. పెంటియం పేరుకు ఇరవై ఏళ్లు నిండిన గుర్తుగా ఇంటెల్ 72 డాలర్లకు జి3258ను తెచ్చింది. దాని వేగాన్ని నిర్ణయించే గుణకానికి తాళం లేదు, 3.2 గిగాహెర్ట్జ్ చిప్‌ను ఇష్టమున్నంత పరుగెత్తించవచ్చు. కుర్రకారు ఎగబడి కొన్నారు. నవంబరులో ఫార్ క్రై 4 ఆట వచ్చింది. రెండే థ్రెడ్లున్న యంత్రాల్లో అది నెమ్మదిగా నడవడం కాదు, అసలు మొదలే కాలేదు. తెర నల్లగా ఉండిపోయింది. ఎంత వేగంగా పరుగెత్తించినా మూడో థ్రెడ్ పుట్టుకురాదు కదా.

2017 జనవరి 3న కేబీ లేక్ తరంతో పాటు జి4560 వచ్చింది. రెండు కోర్లు, 3.5 గిగాహెర్ట్జ్, 54 వాట్లు, ధర 64 డాలర్లు. ఆ ధరకే అంతకుముందు అమ్మిన పెంటియం జి4400లో లేని హైపర్‌థ్రెడింగ్ ఇందులో ఉంది. అదే రోజు వచ్చిన ఐ3-7100 ధర 117 డాలర్లు. దానిలోనూ రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, మూడు మెగాబైట్ల క్యాష్. అదనంగా దక్కేవి 3.9 గిగాహెర్ట్జ్ వేగం, కొంచెం మెరుగైన గ్రాఫిక్స్, ఒకేసారి అనేక సంఖ్యల మీద లెక్కచేసే ఏవీఎక్స్ ఆదేశాలు. దాదాపు రెట్టింపు ధరకు అవి చాలవని చాలామంది తేల్చేశారు. ఇంటెల్ మనసు ఎందుకు మారిందో ఆ కంపెనీకే తెలియాలి. కానీ ఏఎండీ రైజెన్ పేరును ప్రకటించి అప్పటికి నెల కూడా కాలేదు, మార్చిలో ఆ చిప్‌లు మార్కెట్లోకి రాబోతున్నాయి. ఈ రెండూ యాదృచ్ఛికంగా కలిశాయంటే నమ్మడం కష్టం.

ఇక్కడే ఎఫ్‌ఎక్స్-6300తో పోలిక మొదలైంది. అప్పటికి నాలుగేళ్లు దాటిన ఆ చిప్ ఇంకా దుకాణాల్లో దాదాపు 100 డాలర్లకు దొరికేది. ఒక్క థ్రెడ్‌తో సాగే పనిలో జి4560 దానికి సుమారు ఒకటిన్నర రెట్లు వేగం. చాలా ఆటల్లోనూ దానిదే ముందంజ. వీడియోను ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌కు మార్చడం లాంటి, ఆరు కోర్లకూ చేతినిండా దొరికే పనుల్లో మాత్రం ఎఫ్‌ఎక్స్ కొంత పైకి వచ్చేది. కానీ దాని చిప్‌లో గ్రాఫిక్స్ లేవు. కార్డు విడిగా కొనాలి, లేదా గ్రాఫిక్స్ ఉన్న బోర్డు వెతకాలి. కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది, ఫ్యాన్ మోత కూడా ఎక్కువే. చిప్ ధర ఒక్కటే చూడకుండా మొత్తం యంత్రం ఖర్చు కలిపితే పెంటియం స్పష్టంగా గెలిచింది.

ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. కొద్ది నెలలకే సరుకు దొరకక జి4560 ధర పెరిగింది. అక్టోబరులో అదే 117 డాలర్లకు నాలుగు అసలైన కోర్లతో ఐ3-8100 వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఏఎండీ 99 డాలర్లకు నాలుగు కోర్లు, చక్కని గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 3 2200జీని తెచ్చింది. ఏడేళ్లు కదలని బండ ఏడాదిలో కదిలింది. పోటీ ఉంటే ఏమవుతుందో ఇంతకంటే తేటగా చూపే సందర్భం ఈ రంగంలో నాకు కనబడదు.

కాలం గడిచేకొద్దీ పాత తీర్పు కూడా కొంచెం సడలింది. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్ లోపం ఇంటెల్ చిప్‌లకు తగిలింది, ఏఎండీకి తగల్లేదు. మరమ్మతు ప్యాచ్‌లు కొన్ని పనుల్లో వేగాన్ని తగ్గించాయి. ఆ తర్వాత బయటపడ్డ లోపాల వల్ల హైపర్‌థ్రెడింగ్ మీదే అనుమానాలు వచ్చాయి. భద్రతకు పేరున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్‌బీఎస్‌డీ 2018లో దాన్ని ముందుగానే ఆపేసి ఉంచడం మొదలుపెట్టింది. జి4560 ప్రత్యేకతే ఆ హైపర్‌థ్రెడింగ్.

ఏవీఎక్స్ లేకపోవడం ఇంకా గట్టి దెబ్బ. మెషీన్ లెర్నింగ్‌కు వాడే సాఫ్ట్‌వేర్ టెన్సర్‌ఫ్లోలో, 2018లో వచ్చిన 1.6 నుంచి సిద్ధంగా దొరికే ప్యాకేజీలు ఏవీఎక్స్ ఉన్న ప్రాసెసర్లలోనే నడుస్తాయి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మాంగోడీబీ 5.0 కూడా అంతే. పాత పెంటియం మీద మెషీన్ లెర్నింగ్ నేర్చుకోబోయిన విద్యార్థి ఇంపోర్ట్ అనే ఒక్క వరుస రాసి ఎంటర్ నొక్కగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటూ ప్రోగ్రామ్ కూలిపోతుంది. తన కోడ్‌లో తప్పేమిటో వెతుక్కుంటూ గంటలు పోగొట్టుకుంటాడు. తప్పు కోడ్‌లో లేదు, చిప్‌లో ఆ ఆదేశాలను ఇంటెల్ ఇవ్వలేదు. ఎఫ్‌ఎక్స్-6300కు ఏవీఎక్స్ ఉంది, నెమ్మదిగానైనా అదే పాఠం నడుస్తుంది.

ఈ రెండింటిలో ఏదీ విండోస్ 11కు అధికారికంగా అర్హమైనది కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఏది కొన్నా లినక్స్ వేసుకోవడమే మంచిది. ఇంట్లో బ్రౌజింగ్, ఆన్‌లైన్ తరగతులు, ఉత్తరాలు టైపు చేయడం వరకే అయితే నేను జి4560 వైపే మొగ్గుతాను. దానికి ఇంకో కారణం బోర్డు. ఎఫ్‌ఎక్స్ చిప్ కూర్చునే ఏఎం3 ప్లస్ సాకెట్ ఆ శ్రేణితోనే ఆగిపోయింది. జి4560 కూర్చునే బోర్డులో రేపు నాలుగు కోర్ల ఐ5-7400ను, దొరికితే ఐ7-7700ను పెట్టుకోవచ్చు, వాటికి ఏవీఎక్స్ కూడా ఉంది. ఐ3-8100 చవగ్గా వస్తోందని అదే బోర్డుకు తెచ్చుకోవద్దు. రెండింటి సాకెట్ పేరు 1151 అనే ఉంటుంది, చిప్ చక్కగా కూర్చుంటుంది కూడా. కానీ జి4560 బోర్డుల్లో ఉండే 100, 200 శ్రేణి చిప్‌సెట్లు (బోర్డును నడిపే చిప్‌లు) ఎనిమిదో తరం ప్రాసెసర్లను అంగీకరించవు, కంప్యూటర్ ఆన్ కాదు.