రీసైకిల్డ్ ఫైబర్ కాంపోజిట్లపై లోహపు పూత: అపోహలు – వాస్తవాలు

రేణిగుంట, ఏర్పేడు పరిసరాల్లోని చిన్న పరిశ్రమలకు మేము మెటల్ స్ప్రే పని, అంటే కరిగిన లోహాన్ని గన్‌తో చిమ్మి పూత వేసే పని, చేసిపెడుతుంటాము. రీసైకిల్డ్ కార్బన్ ఫైబర్ ప్యానెళ్లు (వాడి తీసిన ఫైబర్‌ను రెసిన్ అనే గట్టిపడే జిగురుతో కలిపి చేసిన కాంపోజిట్ పలకలు) తెచ్చేవారిలో తరచుగా కనిపించే అపోహలు ఇవి.

అపోహ: వాడి తీసిన ఫైబర్ కాబట్టి దానిపై లోహం నిలవదు.

వాస్తవం: పూత ముందుగా తాకేది ఫైబర్‌ను కప్పి ఉన్న రెసిన్‌ను. పైరాలిసిస్ పద్ధతిలో, ఆక్సిజన్ అంతగా లేని కొలిమిలో పాత రెసిన్‌ను తొలగించి తీసిన ఫైబర్, ఆ ప్రక్రియ సక్రమంగా జరిగితే, తన బలంలో అధిక భాగాన్ని నిలుపుకుంటుంది. అసలు చిక్కు మరోచోట ఉంది. ఆ ఫైబర్ పొట్టిగా, దూదిలా చిక్కుపడి ఉండడం, దానిపై ఉండే సైజింగ్ (రెసిన్ బాగా అంటుకోవడానికి ఫైబర్‌పై వేసే పలుచని పూత) కాలిపోవడం వల్ల కొత్త రెసిన్ సందుసందునా చేరక సూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. వాటిలోని గాలి, తేమ వేడికి వ్యాకోచించి పూతను బుడగలుగా లేపుతాయి. అందుకే తిరుపతిలో వర్షాలు ముసురుకునే నవంబరులో, ప్యానెళ్లను ఓవెన్‌లో ఆరబెట్టనిదే మేము గన్ పట్టము.

అపోహ: కరిగిన లోహం పడితే రెసిన్ కాలిపోతుంది.

వాస్తవం: జింక్ సుమారు 420, అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతాయి, ఎపాక్సీ రెసిన్ అంత వేడికి తాళలేదన్నది నిజమే. అయితే మైక్రాన్లలో కొలిచే బిందువులు తాకీ తాకగానే గడ్డకడతాయి గనుక ఒక్కొక్కటి మోసుకొచ్చే వేడి అత్యల్పం. గన్ ఒకేచోట ఆగితే పోగుపడే వేడితోనే ప్రమాదం. కాబట్టి మొదటి పొరకు జింక్‌ను ఎంచుకొని, గన్‌ను ఆపకుండా కదుపుతూ, గాలితో చల్లబరుస్తూ, రెసిన్ మెత్తబడే ఉష్ణోగ్రతకు ప్యానెల్ చేరకుండా చూడాలి.

అపోహ: ఎంత గరుకు చేస్తే అంత పట్టు.

వాస్తవం: ఇది ఉక్కుపై పని చేసిన అలవాటు. ఇక్కడ బ్లాస్టింగ్‌లో, అంటే గ్రిట్ అనే గట్టి రేణువులను గాలితో విసిరి గరుకు చేయడంలో, పీడనం పెరిగితే రెసిన్ పొర లేచిపోయి ఫైబర్ కొనలు తెగుతాయి. ఊడిన పూత అడుగున నల్లని పోగులు అంటుకొని వస్తే ముందుగా బ్లాస్టింగ్‌నే అనుమానించాలి. అచ్చులోనే అదనపు రెసిన్ పొర వేయించి, దానిని సన్నని అల్యూమినా గ్రిట్‌తో తేలికగా గరుకు చేయడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: పూతతో ప్యానెల్ బలపడుతుంది.

వాస్తవం: బలం కోసం ఈ పూతను ఎవరూ వేయరు, విద్యుత్ వాహకతకు, రేడియో తరంగాలను అడ్డుకోవడానికి వేస్తారు.

అపోహ: అల్యూమినియం తుప్పు పట్టదు, మందంగా వేస్తే ఇంకా మంచిది.

వాస్తవం: తేమ ఉన్నచోట కార్బన్‌కు నేరుగా తగిలితే అల్యూమినియమైనా, జింకైనా గాల్వానిక్ చర్యతో (తేమలో రెండు వేర్వేరు వాహకాలు తగిలినప్పుడు జరిగే విద్యుత్ రసాయన చర్య) క్షయిస్తుంది. పైన చెప్పిన రెసిన్ పొర కార్బన్‌నూ లోహాన్నీ వేరుచేయడానికి కూడా పనికివస్తుంది. ఇక మందం సంగతి: డిగ్రీ వేడికి మీటరు అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది, కార్బన్ ఫైబర్ తన పొడవునా దాదాపు సాగదు. చిత్తూరు ఎండకు పగలు కాగి రాత్రి చల్లారే ప్యానెల్‌పై పూత ఎంత మందమైతే అంచుల వద్ద ఒత్తిడి అంత పెరిగి, అక్కడి నుంచే లేవడం మొదలవుతుంది.