తోడు

చిన్నారికి, బ్రాడీపేట నాలుగో లైను పిల్లలందరికీ ఆశీస్సులు.

"బిస్కట్లు పెట్టేది నేనైతే, మెట్ల కింద కుక్కపిల్ల తమ్ముడి వెనకాలే పోతోందేం తాతయ్యా?" అని రాశావు. న్యాయమైన రోషమే.

రాత్రి అమ్మ పాలు తోడు పెట్టడం చూడు. ముందు వేలు ముంచి చూస్తుంది. మరిగే పాలలో మజ్జిగ వేస్తే విరుగుతాయి, పూర్తిగా చల్లారాక వేస్తే తెల్లారినా తోడుకోవు. కుక్కపిల్లకీ అలాంటి గోరువెచ్చని వేళ ఒకటుంది. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా దగ్గర మసలినవాళ్ళంతా దానికి అయినవాళ్ళే. 14 వారాలు మనిషి చెయ్యి తగలకుండా పెరిగిన కుక్కపిల్లల బెదురు తర్వాత ఎంత బుజ్జగించినా పోలేదని 1961లోనే ప్రయోగం చేసి రాశారు. పిల్లికూనలకు ఇంకా తొందర, ఏడో వారానికే ఆ వేళ దాటిపోతుంది. పాలపళ్ళన్నీ వచ్చాయన్నావు కనుక మీ దానికి నెలన్నర దాటి ఉంటుంది. వ్యవధి ఉంది.

ఇక మజ్జిగ. చుక్క చాలు, గరిటెడు వేస్తే పులుస్తుంది. నీ బిస్కట్లు ఆ గరిటె. పైగా తోడుకునే గిన్నెను కదపకూడదు. నువ్వేమో వెంటపడి ఎత్తుకుంటున్నావు, తమ్ముడు మెట్టు మీద ఊరికే కూర్చుంటున్నాడు. చలికి అమ్మ గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టినట్టు... సరే, నా పోలికే పులిసిపోతోంది.

తల్లి పాలిస్తుంటే దగ్గరికి పోవద్దు. మిగతా వేళ నాలుగడుగుల దూరంలో పక్కకు తిరిగి నేల మీద కూర్చో. కళ్ళలోకి గుచ్చి చూడకు, అదే వచ్చి వాసన చూడనీ. తల మీద కాదు, గడ్డం కింద మూడుసార్లు నిమిరి చెయ్యి తీసెయ్యి. ముట్టెతో తోస్తే ఇంకో మూడు. లేచిపోతే పోనీ. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, ఒకే వేళకు. ఎనిమిది వారాలు నిండేదాకా ఇంట్లోకి తేవద్దు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పో అది తోబుట్టువుల దగ్గరే నేర్చుకోవాలి. గీరినా, పంటి గాటు పడినా దాచకు. కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే అమ్మకు చెప్పు. ఆలస్యం లేకుండా టీకా వేయించాలి.

చనువు కుదిరాక అదే నీ కళ్ళలోకి చూస్తుంది. 2015లో జపాన్‌వాళ్ళు ఈ చూపునే పరీక్షించారు. పెంపుడు కుక్కా యజమానీ చూపులు కలిపినకొద్దీ ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరిగింది. బిడ్డకు పాలిచ్చే తల్లి ఒంట్లో ఊరేదీ అదే. చేత్తో పెంచిన తోడేళ్ళలో మాత్రం అలా జరగలేదు!

అది మొదటిసారి అలా చూసిన రోజు క్యాలెండరు మీద సున్నా చుట్టు. ఎన్నాళ్ళు పట్టిందో లెక్కపెట్టి నాకు రాయి.

తాతయ్య