విశ్వం వేగం ఎందుకు పెంచింది? పిల్లలకు అమ్మమ్మ ఉత్తరం

బ్రాడీపేట,
గుంటూరు.

చి. సాత్విక్‌కి, చి. హాసినికి అమ్మమ్మ దీవించి రాయునది.

ఇక్కడ నేనూ తాతయ్యా క్షేమం. విజయవాడలో మీరందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీరిద్దరూ కలిసి రాసిన కాయితం అందింది. గెలాక్సీలన్నీ మన నుంచి దూరంగా పోతుంటే మనం విశ్వానికి నడిమధ్యలో ఉన్నట్టేనా అని సాత్విక్ అడిగాడు. విశ్వం సాగిపోతుంటే మన ఇల్లెందుకు సాగడం లేదని హాసిని అడిగింది. విశ్వం సాగే వేగాన్ని పెంచుతోందంటున్న డార్క్ ఎనర్జీని ఎవరైనా చూశారా అని ఇద్దరూ అడిగారు. ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను, ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. ఫోన్లో చెబితే గాలికి పోతుంది, కాయితం మీదుంటే మళ్లీ మళ్లీ చదువుకుంటారని రాస్తున్నాను.

మొదటి రెండు ప్రశ్నలకీ జవాబు మీ చేతులతోనే తేల్చుకోవచ్చు. కుట్టు సామాన్ల కొట్లో వెడల్పాటి ఎలాస్టిక్ ఒక మూరెడు కొనండి. అమ్మనడిగి బొట్టుబిళ్లలు పది తీసుకుని, దాని మీద అంగుళానికొకటి చొప్పున వరసగా అంటించండి. ఒక కొస హాసిని గట్టిగా పట్టుకోవాలి. రెండో కొస పట్టుకుని సాత్విక్ రెట్టింపు పొడవయ్యేదాకా లాగాలి. ఇప్పుడు స్కేలు పెట్టి చూడండి. మొదటి బిళ్ల మనం అనుకుంటే, దాని పక్కది ఒక అంగుళం నుంచి రెండంగుళాలకు పోయింది. అంటే ఒక అంగుళం జరిగింది. ఐదంగుళాల దూరంలో ఉన్నది పదంగుళాలకు పోయింది. అంతసేపట్లోనే అది ఐదంగుళాలు జరిగింది. ఎంత దూరంలో ఉంటే అంత వేగం! ఇప్పుడు నాలుగో బిళ్ల మనం అనుకుని మళ్లీ కొలవండి. లెక్క ఏమీ మారదు. ఏ బిళ్ల మీద నిలబడి చూసినా మిగతావన్నీ తన నుంచే పారిపోతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి నడిమధ్య అనేది ఎక్కడా లేదు నాన్నా. ఎలాస్టిక్‌కి రెండు కొసలున్నాయి గానీ విశ్వానికి కొస ఉన్నట్టు ఇంతవరకూ ఎవరికీ కనబడలేదు. ఆ తేడా ఒకటి మనసులో పెట్టుకోండి.

హాసినీ, బిళ్లలు మాత్రం సాగలేదు, గమనించావా? వాటి మధ్య జాగాయే సాగింది. మన ఇల్లు, భూమి, సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాలు, ఆ మాటకొస్తే మన పాలపుంత మొత్తం ఆ బిళ్లలాంటివే. ఇంటి ఇటుకల్ని పరమాణువుల మధ్య ఉండే విద్యుత్ బలాలు పట్టి ఉంచుతాయి. పాలపుంతని గురుత్వాకర్షణ పట్టి ఉంచుతుంది. దగ్గర దగ్గరగా ఉన్న గెలాక్సీల మధ్య కూడా దానిదే పైచేయి. ఆండ్రోమెడా గెలాక్సీ మనకి 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది (కాంతి ఏడాదిలో పోయే దూరమే ఒక కాంతి సంవత్సరం). అది దూరం పోవడం లేదు సరికదా, సెకనుకి సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మనవైపే వస్తోంది. కార్తీక మాసంలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు, అమరావతి అవతల దీపాలు లేని పొలాల్లో నిలబడితే దాన్ని మామూలు కంటితో చూడొచ్చు. పంచాంగంలో ఉత్తరాభాద్ర అంటారే, ఆ రెండు చుక్కల్లో ఉత్తరం వైపు దాన్ని పట్టుకుని కాస్త ఈశాన్యానికి వెళ్లండి. అక్కడ మసగ్గా చిన్న మచ్చ కనిపిస్తుంది.

ఇక అసలు కథ. గెలాక్సీలు దూరమవుతున్నాయని లెమైత్ర్ 1927లో, హబుల్ 1929లో, ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు లెక్కలతో చూపించారు. ఇప్పటి కొలతల ప్రకారం ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకి సుమారు 70 కిలోమీటర్ల చొప్పున వేగం పెరుగుతుంది. అన్నీ ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి కాబట్టి ఈ సాగడం రాను రాను నెమ్మదించాలని అందరూ అనుకున్నారు. ఎంత నెమ్మదిస్తోందో కొలుద్దామనే 1990లలో రెండు జట్లు బయల్దేరాయి. ఒకదానికి సాల్ పెర్ల్‌మటర్ నాయకుడు, రెండోదానికి బ్రయన్ ష్మిట్. ఆ రెండో జట్టులోనే ఆడమ్ రీస్ ఉన్నాడు.

వాళ్లు ఎలా కొలిచారో వివరంగా చెప్పాలి, ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. దూరం కొలవాలంటే అసలు వెలుగెంతో ముందే తెలిసిన దీపం కావాలి. దూరం రెట్టింపైతే మనకి చేరే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, కాబట్టి ఎంత మసగ్గా కనిపిస్తోందో చూసి దూరం లెక్కగట్టొచ్చు. ఆ దీపాలే ఒకరకం సూపర్‌నోవాలు. ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తెల్ల మరుగుజ్జు నక్షత్రం పక్కనున్న నక్షత్రం నుంచి పదార్థం లాక్కుంటూ, సూర్యుడి బరువుకి సుమారు 1.4 రెట్లు దగ్గర పడగానే పేలిపోతుంది. ఈ 1.4 హద్దుకి దారితీసిన లెక్క మొదలుపెట్టింది మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్న పందొమ్మిదేళ్ల కుర్రాడు. 1930లో ఇంగ్లండు చదువుకి ఓడలో వెళుతూ చేశాడు. ఆయనే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. అందరికీ అదే హద్దు కాబట్టి పేలుళ్ల వెలుగు కూడా దాదాపు ఒకటే. ఉన్న కొద్దిపాటి తేడాని ఎలా సరిచేయాలో 1993లో మార్క్ ఫిలిప్స్ చూపించాడు: ఎక్కువ వెలుగున్నవి నిదానంగా ఆరతాయి, తక్కువవి త్వరగా ఆరతాయి.

చిక్కేమిటంటే ఒక గెలాక్సీలో ఇలాంటి పేలుడు కొన్ని వందల ఏళ్లకొకటి జరుగుతుంది. ఎక్కడ, ఎప్పుడు అని ఎదురుచూడటం? పెర్ల్‌మటర్ జట్టు చక్కటి ఉపాయం చేసింది. అమావాస్య వెళ్లగానే చిలీలోని పెద్ద టెలిస్కోపుతో వేల గెలాక్సీల ఫొటోలు తీసేవాళ్లు. మూడు వారాలాగి, మళ్లీ అమావాస్య రాబోయే ముందు అవే చోట్లు తీసేవాళ్లు. రెండో దాంట్లోంచి మొదటిదాన్ని కంప్యూటర్ మీద తీసేస్తే కొత్తగా పుట్టిన చుక్కలు మాత్రం మిగిలేవి. ఆ వెంటనే వెన్నెల లేని రాత్రులే కాబట్టి పెద్ద టెలిస్కోపులు వాటి మీద పెట్టి కొలవడానికి వీలయ్యేది. ఈ ఓపికని నేను ఏ సిద్ధాంతం కన్నా తక్కువ చేసి చూడను.

1998లో రెండు జట్లకీ ఒకే జవాబొచ్చింది. దూరపు సూపర్‌నోవాలు ఉండాల్సినదాని కన్నా మసగ్గా ఉన్నాయి, అంటే అనుకున్నదాని కన్నా దూరంలో ఉన్నాయి. విశ్వం నెమ్మదించడం లేదు, వేగం పెంచుతోంది! పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్‌లకు 2011లో నోబెల్ ఇచ్చారు. ఆ వేగం పెంచేదానికి పెట్టిన పేరే డార్క్ ఎనర్జీ. విశ్వంలో ఉన్న మొత్తంలో అది సుమారు 68 శాతం, కంటికి కనబడకుండా ఆకర్షణ మాత్రం చూపే డార్క్ మ్యాటర్ 27, మనమూ నక్షత్రాలూ అన్నీ కలిపి 5. మీ మూడో ప్రశ్నకి నా జవాబు ఇదే: డార్క్ ఎనర్జీని ఎవరూ చూడలేదు, అది చేసే పనిని మాత్రం కొలిచారు. వేగం పెరగడం కొలత. ఎందుకు పెరిగిందన్నది ఊహ. ఈ రెండిటినీ ఎప్పుడూ కలపకండి.

ఊహల్లో పాతది ఐన్‌స్టీన్‌ది. 1917లో తన సమీకరణాల్లో లాంబ్డా అనే స్థిరాంకం చేర్చాడు. విశ్వం సాగుతోందని తెలిశాక తీసేశాడు. 1998 తర్వాత శాస్త్రవేత్తలు దాన్ని మళ్లీ తెచ్చుకున్నారు. దాని అర్థం ఏమిటంటే, ఖాళీ చోటుకే కొంత శక్తి ఉంటుంది, చోటు పెరిగినా అది పలచబడదు. లాగితే మీ ఎలాస్టిక్ పలచబడుతుంది, ఇది పలచబడదు. మామూలు పదార్థం అలా కాదు, దూరాలు రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పలచబడుతుంది. అందుకే మొదట్లో పదార్థం ఆకర్షణ గెలిచి విశ్వం నెమ్మదించింది, సుమారు 500 కోట్ల ఏళ్ల కిందట తూకం ఇటు తిరిగింది. నెట్టడం ఎందుకంటారా? ఐన్‌స్టీన్ లెక్కలో బరువుతో పాటు ఒత్తిడి కూడా ఆకర్షిస్తుంది. పలచబడని శక్తికి ఒత్తిడి మైనస్‌లో వస్తుంది కాబట్టి అది దూరంగా తోస్తుంది. ఆ శక్తి ఎంతో తెలుసా? ఒక ఘనపు మీటరు చోటులో నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువుకి సమానం. నేను రాస్తున్న ఈ గది మొత్తం కలిపినా వంద పరమాణువుల లెక్క! అందుకే మన ఇంటినీ సూర్యకుటుంబాన్నీ అది కదపలేదు. మహా దూరాల్లో కూడి కూడి గెలుస్తుంది.

దీనికో పెద్ద చిక్కుంది. ఖాళీ చోటుకి శక్తి ఎంత ఉండాలని క్వాంటమ్ సిద్ధాంతంతో మామూలు పద్ధతిలో లెక్కవేస్తే, కొలిచినదాని కన్నా ఒకటి పక్కన 120 సున్నాలు పెట్టినన్ని రెట్లు ఎక్కువొస్తుంది. ఇంత తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగినవాళ్లు ఇంతవరకూ లేరు. అందుకే కొందరు, అది స్థిరాంకమే కాదు, కాలంతో మారే ఒక క్షేత్రం, అంటే చోటంతా పరుచుకుని ఉండేది అన్నారు. దాన్ని క్వింటెసెన్స్ అంటారు. ఇంకొందరు డార్క్ ఎనర్జీయే లేదు, మహా దూరాల్లో గురుత్వాకర్షణ నియమమే వేరన్నారు. ఈ మూడో దారిలోని చాలా ఊహలకు 2017 ఆగస్టు 17న గట్టి దెబ్బ తగిలింది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో బాగా కుంచించుకుపోయి చిన్నవైన రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. చోటులోనే పుట్టే అలలైన గురుత్వ తరంగాలూ, వెలుగులో ఒక రకమైన గామా కిరణాలూ 1.7 సెకన్ల తేడాతో మనల్ని చేరాయి. రెండూ ఒకే వేగంతో ప్రయాణించాయన్న మాట. వేగాలు వేరు కావాలన్న సిద్ధాంతాలు ఆ ఒక్క రోజుతో పక్కకి తప్పుకున్నాయి.

ఇప్పుడు వేడివేడిగా చర్చ జరిగేది రెండో దారి మీద. అరిజోనాలో డెసి అనే పరికరం ఉంది. ఐదు వేల చిన్న రోబోలు ఒక్కోటి ఒక్కో గెలాక్సీ మీదికి ఆప్టికల్ ఫైబర్‌ని గురిపెడతాయి. కోటీ 40 లక్షలకు పైగా గెలాక్సీలనీ, క్వేసార్లనే మహా ప్రకాశమైన గెలాక్సీ నడిమధ్యలనీ కొలిచాక 2025 మార్చిలో వాళ్లు చెప్పింది ఏమిటంటే, మిగతా కొలతలతో కలిపి చూస్తే డార్క్ ఎనర్జీ కాలంతో కాస్త బలహీనపడుతున్నట్టుంది. ఏ సూపర్‌నోవా జాబితాతో కలిపామన్నదాన్ని బట్టి దాని నమ్మకం 2.8 నుంచి 4.2 సిగ్మా దాకా వచ్చింది (సిగ్మా ఎంత ఎక్కువైతే ఆ జవాబు కాకతాళీయంగా వచ్చే అవకాశం అంత తక్కువ). కనిపెట్టామని చెప్పుకోవాలంటే 5 సిగ్మా ఉండాలి. కలిపిన జాబితా మారితే జవాబు బలం ఇంతగా మారుతోందంటే, నా మటుకు నేను ఇంకా ఆగి చూస్తాను. అలాగని కొట్టిపారేయను. నిజమే అయితే లాంబ్డా చాలదని తేలుతుంది.

యూరప్ వాళ్ల యూక్లిడ్ టెలిస్కోపు 2023 జులైలో ఆకాశంలోకి వెళ్లింది. చిలీలో వీరా రూబిన్ అబ్జర్వేటరీ తొలి చిత్రాలు 2025 జూన్‌లో వచ్చాయి. అది పదేళ్ల పాటు దక్షిణాకాశమంతా మళ్లీ మళ్లీ ఫొటోలు తీస్తుంది. పెర్ల్‌మటర్ వాళ్లకి 1998 నాటికి దొరికినవి నలభై పైచిలుకు దూరపు సూపర్‌నోవాలే. దీనికి లక్షల్లో దొరుకుతాయి. ఆ సర్వే పూర్తయ్యేసరికి సాత్విక్‌కి ఎమ్మెస్సీ వయసొస్తుంది, హాసిని డిగ్రీలో ఉంటుంది. వర్గమూలాలు, లాగరిథమ్‌లు ఇద్దరూ ఇప్పటి నుంచే శ్రద్ధగా చేయండి, ఈ కొలతలన్నీ వాటి మీదే నడుస్తాయి. కార్తీక పౌర్ణమి హడావుడి అయ్యాక ఒక శనివారం రండి. చంద్రుడు లేని రాత్రి చూసుకుని తాతయ్య మనల్ని అమరావతి తీసుకువెళతానన్నారు.

ఇట్లు,
మీ అమ్మమ్మ