ఫైలు పేరులో ఖాళీ ఉంటే స్క్రిప్టు ఎందుకు తడబడుతుంది?

డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో ఒక మెనూ నొక్కగానే వెనుక స్క్రిప్టు (ఆదేశాలు రాసి పెట్టిన చిన్న ప్రోగ్రామ్) నడవాలి, తెరిచి ఉన్న ఫైలు పేరు దానికి అందాలి. పేరు ‘నివేదిక’ అయితే చిక్కు లేదు. ‘తుది నివేదిక’ అయితే మాత్రం స్క్రిప్టుకు రెండు ఫైళ్లు కనిపిస్తాయి, రెండూ లేనివే! నింద స్క్రిప్టు రాసినవారి మీద పడుతుంది గానీ, ఈ చిక్కు వయసు యాభై ఏళ్లు.

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ప్రోగ్రామ్ మరొకదాన్ని పిలిచినప్పుడు ఆర్గ్యుమెంట్లు, అంటే ఫైలు పేరులాంటి అందించే విలువలు, విడివిడిగా వెళ్తాయి. టైప్ చేసిన వాక్యాన్ని ఖాళీల దగ్గర ముక్కలు చేసేది షెల్, అంటే ఆదేశాలు అందుకుని నడిపే ప్రోగ్రామ్. అది మధ్యలో లేకపోతే ఖాళీ కూడా మామూలు అక్షరమే. 1970లలో వచ్చిన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ దారి వేరు: టైప్ చేసినదాంట్లో ఆదేశం పోగా మిగిలిన తోకను 128 బైట్ల చోటులో పెట్టి ప్రోగ్రామ్‌కు చూపేది. 1981లో ఎంఎస్-డాస్ ఆ ఏర్పాటునే తెచ్చుకుంది. ఎనిమిది అక్షరాలు, చుక్క, మరో మూడు అక్షరాలు. ఫైళ్ల పేర్లు ఇంతే ఉన్నన్నాళ్లూ ఎవరికీ నొప్పి తెలియలేదు.

విండోస్‌లోనూ ఆర్గ్యుమెంట్లన్నీ ఒకే వాక్యంగా వెళ్తాయి, కాకపోతే హద్దు 32,767 అక్షరాలకు పెరిగింది. విడదీసుకోవడం అందుకున్న ప్రోగ్రామ్ బాధ్యత. విండోస్ 95 పొడవైన పేర్లను అనుమతించి, ప్రోగ్రామ్‌లు ఉండే ఫోల్డర్‌కే ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అని ఖాళీతో పేరు పెట్టింది. ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గట్టెక్కవచ్చు అనుకుంటే, ఫోల్డర్ పేరు చివర బ్యాక్‌స్లాష్ (\) ఉంటే అది ముగింపు గుర్తునే మింగేస్తుంది. పైగా బ్యాచ్ ఫైళ్లను (విండోస్ ఆదేశాల స్క్రిప్టులను) నడిపే విండోస్ షెల్ సీఎండీకి వేరే నియమాలు.

మెకింతోష్‌లో 1993 నాటి ఆపిల్‌స్క్రిప్ట్ అనే స్క్రిప్టు భాష విలువలను జాబితాలుగా, అంకెలుగా, ఫైళ్లుగానే అందించగలిగింది. అదీ షెల్‌ను పిలవాల్సి వచ్చినప్పుడు మాత్రం మళ్లీ కొటేషన్ల పాలే.

ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 2.4 (2004), మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ కోర్ 2.1 (2018) ఆర్గ్యుమెంట్లను జాబితాగా ఇచ్చే వీలు కల్పించాయి. అయితే విండోస్‌లో ఆ జాబితాను లోపల మళ్లీ ఒకే వాక్యంగా అతికించక తప్పదు. ఆ అతుకు 2024 ఏప్రిల్‌లో బయటపడింది. బ్యాచ్ ఫైలుకు పంపే ఆర్గ్యుమెంటులో ఆదేశాన్ని దాచి, దాన్ని నడిపించవచ్చని తేలింది. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష తన 1.77.2 వెర్షన్‌లో దీన్ని సరిదిద్దింది. భద్రంగా అతికించడం సాధ్యం కాని ఆర్గ్యుమెంటు వస్తే ఇప్పుడది స్క్రిప్టును నడపదు, తప్పు చూపించి ఆగిపోతుంది.